కత్తెరమ్మ మోకాళ్లు

వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అంటారు. కోటయినా, గౌనయినా, బడిపిల్లల చొక్కా అయినా సరే, గుడ్డను నేల మీద పరిచి, మోకాళ్ల మీద దాని చుట్టూ తిరుగుతూ కత్తిరించడం వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. బల్ల మీదైతే గుడ్డ జారుతుందని వాళ్లమ్మ అనేది. ఆ మాట పట్టుకుని కత్తెరమ్మ జీవితమంతా నేల మీద పాకింది. చివరికి మోకాళ్లు అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు.

"నేల మీద మోకాళ్లు ఆనించకండి, రోజూ కాస్త నడవండి" అన్నాడు డాక్టరు. పక్కనే ఉండి విన్న కొడుకు, ఇల్లు చేరేలోపు ఆ మాటను "అమ్మ ఏ పనీ చేయకూడదు" అని మార్చేశాడు.

ఇక చూడండి కొడుకూ కోడళ్ల ప్రేమ! మంచినీళ్లు మంచం దగ్గరికే వచ్చాయి. టీవీ ఆమె గదిలోకి వచ్చింది. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేశారు. "హాయిగా కూర్చోండత్తయ్యా" అనేది కోడలు. హాయంట, హాయి! కూర్చుని కూర్చుని కాళ్లు మరీ బిగుసుకుపోయాయి. ఎలా ఉన్నారని ఎవరైనా ఆమెను అడిగితే, "వయసు కదండీ" అని కొడుకే జవాబు చెప్పేసేవాడు.

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు చప్పుడైంది. గోడ పట్టుకుని, పంటి బిగువున వెళ్లి తీసింది. ఎప్పుడూ తన దగ్గరే కుట్టించుకునే టీచరమ్మ. ఒంటి మీద కొత్త కోటు. ఒక భుజం పైకి, ఒక భుజం కిందికి.

"ఎవరు కుట్టారు తల్లీ, నీ మీద పగబట్టి?"

"ఏం చేయనమ్మా? మీరు కుట్టడం మానేశారని మీ కోడలు ఎప్పుడో చెప్పింది. ఇవాళ ఊరికే మిమ్మల్ని చూసిపోదామని వచ్చా."

కత్తెరమ్మకు ఒళ్లు మండిపోయింది. కళ్లు బాగున్నాయి, చేతులు బాగున్నాయి. తను పని మానేసిన సంగతి ఊరందరికీ తెలుసు, ఒక్క తనకు తప్ప!

"ఆ కోటు విప్పి ఇలా ఇవ్వు."

సాయంత్రం కొడుకూ కోడలూ వచ్చేసరికి భోజనాల బల్ల నిండా కోటు ముక్కలు. గుడ్డ జారకుండా ఒక అంచున ఇస్త్రీపెట్టె, ఇంకో అంచున బోర్లించిన గిన్నె. ఇంత చిన్న ఉపాయం తెలియక రెండు మోకాళ్లు పోగొట్టుకున్నానే అని వాళ్లమ్మ మీద కూడా కోపం వచ్చింది ఆమెకు.

"ఏంటమ్మా ఇది? డాక్టరు ఏమన్నాడు?"

"మోకాళ్లు నేలకు ఆనించొద్దన్నాడు. చేతులు ముడుచుకోమనలేదు."

"మరి మేమెక్కడ తినాలి?"

కత్తెరమ్మ కత్తెర ఆపలేదు.

"నేల ఖాళీగానే ఉందిగా. మీ మోకాళ్లకేం, బ్రహ్మాండంగా ఉన్నాయి. కూర్చోండి."