ఇద్దరికి తక్కువ వండము

వలెన్సియాలో సముద్రపు ఒడ్డుకు ఒక వీధి వెనకాల రెమేయ్ భోజనశాల ఉంది. గుమ్మం పక్కన పలక మీద ఆవిడ స్వహస్తంతో రాసిన రెండే ముక్కలు: "పయెల్యా మధ్యాహ్నం మాత్రమే. ఇద్దరికి తక్కువ వండము." ఆ రెండు ముక్కలు చదవకుండా, చదివినా నమ్మకుండా, లోకంలోని జనమంతా వచ్చి ఆవిడ ప్రాణాలు తోడేస్తుంటారు.

ఊరూరికీ ఓ పట్టింపు. ఒకచోట చెప్పులు విప్పి రమ్మంటారు, ఒకచోట ఎడమచెయ్యి చాపితే మొహం చిట్లిస్తారు, ఇంకోచోట వడ్డించినదంతా తినేస్తే ఇంటివాళ్ళు నొచ్చుకుంటారు. వలెన్సియా వాళ్ళు చాలా విషయాల్లో ఉదారులు. ఎవరు ఎవరితో తిరిగినా, ఏ దేవుడికి మొక్కినా, అసలు మొక్కకపోయినా అడగరు. అన్నం దగ్గర, అందులోనూ వెడల్పు పెనంలో మాంసం వేసి కట్టెల మంట మీద వండే పయెల్యా దగ్గర మాత్రం వేలెత్తితే ఊరుకోరు. రెమేయ్ అయితే వేలెత్తకముందే విరుచుకుపడుతుంది.

ఆవిడకు అరవై దాటాయి. మోకాళ్ళ నొప్పులు, గొంతు మాత్రం కంచు. ఒంటరి యాత్రికులంటే ఆవిడకు కోపం కాదు, విసుగు. నలుగురు కూర్చునే బల్ల దగ్గర ఒక్కరే కూర్చుంటారు. ఒక కుర్చీ మీద సంచి, ఒక కుర్చీ మీద టోపీ, ఇంకోదాని మీద ఇసుక కారుతున్న తువ్వాలు. ఒక నిమ్మరసం తెప్పించుకుని సాయంత్రం దాకా సముద్రం వైపు చూస్తారు. సముద్రం అక్కణ్ణుంచి కనపడదు కూడా.

ఆ జూన్‌లో వచ్చిన మారిత్ అలాంటి మనిషే. నార్వేవాసి, పదవీ విరమణ చేసిన దంతవైద్యురాలు. రాత్రి బడిలో నేర్చుకున్న స్పానిష్‌ను తడుముకోకుండా మాట్లాడుతుంది. మొదట ఒక సాయంత్రం వచ్చి పయెల్యా అడిగింది.

"రాత్రిపూట అన్నమా! నిద్ర పట్టొద్దా తల్లీ?" అంది రెమేయ్.

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. ఒక్కతే.

"పలక చూశారా?"

"చూశానండీ. ఇద్దరికి వండండి. ఇద్దరి డబ్బూ ఇస్తాను. నేనొక్కదాన్నే తింటాను."

"తినలేరు."

"మిగిలితే వదిలేస్తాను."

రెమేయ్ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. "వదిలేస్తుందిట! వోరో, విన్నావా? నా అన్నం చెత్తబుట్టలో వేస్తుందిట."

వోరో ఆ భోజనశాలలో తల నెరిసిన వడ్డనవాడు. "వినకేం అక్కా, వీధి వీధంతా విన్నది," అన్నాడు బల్ల తుడుస్తూ.

"చూడమ్మా," అంది రెమేయ్, పిల్లలకు చెప్పినట్టు. "పెనం వెడల్పుగా ఉండాలి, బియ్యం పలచగా పరుచుకోవాలి, అడుగున మాడు కట్టాలి. ఒక్కరికి సరిపడా గిన్నెలో ఉడికేది అన్నం కాదు, పథ్యం. జ్వరమొచ్చినప్పుడు రండి, పెడతాను."

మారిత్ చేప తిని వెళ్ళిపోయింది. వెళ్తూ పలక ఇంకోసారి చదివింది.

రెమేయ్‌కు అంత చిరాకు అన్నం గురించే కాదు. వంట ఆవిడదే అయినా నిప్పు ఎప్పుడూ తమ్ముడు బతీస్తెది. నారింజ కట్టెలు మొదట భగ్గుమనాలి, బియ్యం పడ్డాక సన్నగా సద్దుమణగాలి. బతీస్తె కాలితో ఒక కట్టె ఇటు, ఒక కట్టె అటు తోసి ఆ మంటను చెప్పినట్టు వినేలా చేసేవాడు. కొన్నేళ్ళ కిందట ఒక ఆదివారం బంధువులంతా పెరట్లో చేరిన వేళ, రెమేయ్ రొట్టె కోసం లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి బతీస్తె చేతిలో గరిటె, గరిటె అన్నంలో. బియ్యం వేశాక పెనంలో గరిటె పెట్టడమంటే అక్కడ చిన్న తప్పు కాదు.

"కలిపావు!" అంది రెమేయ్.

"కలపలేదు, ఒక పక్కకి వాలిపోతే సర్దాను."

"నాన్న నేర్పిన అన్నాన్ని జావ చేశావు కదరా! నిప్పు దగ్గర కూర్చోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు."

అందరి ముందూ అంది. బతీస్తె గరిటె నేలమీద పెట్టి వెళ్ళిపోయాడు. మూడు వీధుల అవతలే ఉంటాడు. ఎదురుపడితే ఇద్దరూ మొహాలు తిప్పుకుంటారు. అప్పటినుంచీ నిప్పు వోరోది, ప్రతి ఆదివారం మాడు నల్లగా బొగ్గవుతోంది. తమ్ముడు తిరిగి రావాలని ఆవిడకు ఉంది. మొదటి మాట మాత్రం వాడే ఆడాలి. వాడూ ఆవిడ గురించి సరిగ్గా అలాగే అనుకుంటున్నాడని ఊరంతటికీ తెలుసు.

ఆదివారం మారిత్ మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట మనిషిని తెచ్చింది.

"ఒడ్డున గోడమీద ఒక్కడూ కూర్చుని బంతాట ఆడేవాళ్ళని తిడుతున్నాడండీ. అన్నానికి వస్తావా అంటే వచ్చాడు. ఇప్పుడు ఇద్దరం!" అంది విజయగర్వంతో.

బతీస్తె చేతిలో టోపీ నలుపుతూ నిలబడ్డాడు. రెమేయ్ మొహం తిప్పుకుంది.

"వోరో," అంది, "ఆ పెద్దమనిషికి చెప్పు, ఇక్కడ బల్లలు ఖాళీ లేవని."

అన్ని బల్లలూ ఖాళీగానే ఉన్నాయి.

"వోరో," అన్నాడు బతీస్తె, "మీ యజమానురాలికి చెప్పు, పలక మీద ఇద్దరు అని ఉంది. ఫలానా ఇద్దరు అని లేదు."

"నేనేం టపా బంట్రోతునా?" అన్నాడు వోరో. "రెండు బారల దూరంలో ఉన్నారు, మీరే అరుచుకోండి."

మారిత్ అటూ ఇటూ చూసింది. "వీళ్ళు ఒకరికొకరు తెలుసా?"

"తెలీదు," అన్నారు అక్కాతమ్ముళ్ళు.

రెమేయ్ వండింది. తన పలకే తన మెడకు చుట్టుకుంటే ఏం చేస్తుంది! కోడి, కుందేలు, చిక్కుళ్ళు, కుంకుమపువ్వు అన్నీ పడ్డాయి. పెరట్లో వోరో ఊదుతున్న మంట పొగ చిమ్ముతోంది. బతీస్తె కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు, కాళ్ళు మాత్రం బల్ల కింద కట్టెలు తోస్తున్నట్టు అటూ ఇటూ ఆడుతున్నాయి.

పెనం తెచ్చి బల్ల మధ్య పెట్టింది. పళ్ళేలు ఉండవు. ఎవరి ముందున్న ముక్క వాళ్ళది, చెంచాతో అంచునుంచి మధ్యకు తింటూ పోవాలి, పొరుగువాడి హద్దు దాటకూడదు. మారిత్‌కు అదంతా ఎవరు చెప్పారు? తన వైపు కుందేలు తక్కువగా ఉన్నట్టు తోచి, పెద్ద చెంచా పెనం నడిమధ్యలో దించి ఒక్క తిప్పు తిప్పింది.

"కలపొద్దు!"

ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు. వోరో చేతిలోంచి గ్లాసు జారి పగిలింది.

మారిత్ చెంచా పైకెత్తి, బెదిరిపోయి, "కలపలేదండీ, కొంచెం సర్దానంతే," అంది.

బతీస్తె మొహం టమాటాలా ఎర్రబడింది. రెమేయ్ తమ్ముడి వైపు తిన్నగా చూసింది.

"విన్నావా?" అంది.

"నేను మాత్రం నిజంగానే సర్దాను అక్కా."

"కలిపావురా."

"సర్దాను."

"కలిపావు! నా కళ్ళతో చూశాను. రొట్టె కోసం వెళ్ళి కళ్ళు లోపల పెట్టి వచ్చానా?"

"సరే, కలిపాను! అయితే మాత్రం అంతమంది ముందు అలా అంటావా?"

రెమేయ్ కుర్చీ లాక్కుని కూలబడింది. దాని మీదున్న మారిత్ సంచి కింద పడింది, పట్టించుకోలేదు. "అనకూడదు," అంది పెనం వైపు చూస్తూ. "అన్నాను. తిను, చల్లారిపోతోంది."

బతీస్తె ఒక చెంచాడు నోట్లో పెట్టుకున్నాడు, మొహం చిట్లించాడు.

"కట్టెలు పచ్చివి. ఎవడు కొన్నాడు?"

"నేనే," అన్నాడు వోరో. "ఇన్నాళ్ళూ ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాను."

బతీస్తె అప్పటికే లేచి పెరట్లోకి నడిచాడు. కట్టెలు దొర్లించే చప్పుడు, దాని వెనకే తిట్లు. "ఇలా పేరుస్తారా? పొయ్యిలో బూడిద ఎన్నాళ్ళనుంచి తియ్యలేదు?"

"ఒరేయ్, ముందు తిని ఏడువు!" అని అరిచింది రెమేయ్.

మారిత్ తన హద్దులో తాను బుద్ధిగా తింటూ, మాడు గోకుతూ, నెమ్మదిగా అడిగింది. "అమ్మా, రేపు నేనొక్కదాన్నే..."

రెమేయ్ చెంచాతో గుమ్మం పక్కనున్న పలక చూపించింది.