గులాబీ రాళ్ళకు సున్నపు తేట

నాకు ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, మా గల్లీ నేర్పింది. సానికొంపల పేటగా పేరుపడ్డ కామాఠిపురాలో ఉంటామని చెప్పగానే ఎదుటివాళ్ళ చూపు ఒక్క క్షణం మారేది. మా తాతలు ఈ ఊరి మేడలకు రాళ్ళు మోయడానికి పాలమూరు నుంచి వచ్చారని, ఒకే వరండాకు వరసగా గదులున్న మా చాల్‌లో అందరూ కూలీనాలీ చేసుకునేవాళ్ళేనని విడమరిచి చెప్పే ఓపిక నాకుండేది కాదు. వాళ్ళు నన్ను అనుమానిస్తే నేను వాళ్ళను రెండింతలు అనుమానించేదాన్ని.

ఎనభైల చివర్లో గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక పళ్ళ డాక్టరమ్మ దగ్గర పనికి కుదిరాను. పేషెంట్లను వరసగా కూర్చోబెట్టడం, పనిముట్లు మరిగించడం, ముందుగదిలో ఉన్న అద్దాల తొట్టిని చూసుకోవడం నా పని. అది ఉప్పునీళ్ళ తొట్టి. పన్ను పీకుతారన్న భయం మరిచిపోవాలని పిల్లల కోసం పెట్టించింది. అందులో నారింజరంగు మీద తెల్లచారలున్న చేపలు రెండు, సముద్రపు రాళ్ళు కొన్ని. రాళ్ళ మీద గులాబీ రంగు పెచ్చు కట్టి ఉండేది. అది ఎవరో పూసిన రంగు కాదని, ఒంట్లో సున్నం నింపుకుని రాయిలా గట్టిపడే నాచు అని డాక్టరమ్మే చెప్పింది. నా చిరునామా రాసుకునేటప్పుడు ఆమె తల ఎత్తి నన్ను చూడలేదు. మొదటి రోజే మందుల బీరువా తాళాలు చేతిలో పెట్టింది. ఎందుకు పెట్టిందా అని నెల రోజులు ఆలోచించాను.

తొట్టికి నీళ్ళు, చేపలు తెచ్చే మనిషిని కుదిర్చింది నేనే. ఫోరస్ రోడ్‌లో చిన్న చేపల దుకాణం ఆయనది, ఉండేది మా పక్క చాల్‌లో. మేమంతా అన్నా అని పిలిచేవాళ్ళం. వారం వారం పడవవాళ్ళ చేత లోపలి సముద్రం నీళ్ళు డబ్బాల్లో తెప్పించి, తొట్టిలో పాతనీళ్ళు కొంత తోడేసి అవి పోసేవాడు. ఉప్పునీళ్ళ తొట్టి ఆయన చేతిలో అదొక్కటే. దాన్ని చూపించి ఇంకో నాలుగు పెద్దిళ్ళ పని పట్టుకోవాలని ఆయన ఆశ. ఆ సంగతి నాకు చాలాసార్లు చెప్పాడు.

ఆ ఏడు వానలు వెళ్ళాక గులాబీ పెచ్చు అక్కడక్కడా తెల్లబడటం మొదలైంది. డాక్టరమ్మ కంగారు పడింది. ఆమె కంటికి ప్రతి తెల్లమచ్చా పుచ్చబోయే పన్నే. రాయికైనా పంటికైనా కాల్షియం పడాల్సిందేనని తేల్చేసి, ఎక్కడైనా దొరికితే తెమ్మని అన్నకు చెప్పింది. ఆయన ఓడరేవు దగ్గర ఎవరినో పట్టుకుని ఒక ఫారిన్ కాల్షియం సీసా తెచ్చాడు. ఆమెకు ఇవ్వబోయే ముందు నన్ను పక్కకు పిలిచాడు.

"చెల్లె, మొన్న తొట్టి మీద కొత్త ట్యూబులైట్లు ఏసిండ్రు గదా, ఆ వెల్తురుకు తెల్లవడ్డది. కుదురుకుంటది. వారం వారం పోసే నీళ్ళల్లనే రాళ్ళకు కావాల్సిన సున్నం ఉంటది. డాక్టరమ్మ జిద్దు చేస్తున్నదని తెచ్చిన. వారానికి ఒక్క మూత, అంతకు జాస్తి వద్దు."

నాకు అక్కడే అనుమానం తగిలింది. సరుకు అమ్మేవాడు తక్కువ వాడమంటాడా? ఎక్కువ వాడితే బండారం బయటపడుతుందనే కదా. సీసా మూత తీసి చూశాను. మంచినీళ్ళలా ఉంది. వాసన లేదు, అడుగున మడ్డి లేదు. లేబుల్ మీద ఉన్నది నాకు రాని భాష. మా గల్లీ మూలన సెంటు సీసాల్లో ఏమేం నింపుతారో చూస్తూ పెరిగినదాన్ని నేను. మర్నాడే ఆ సీసాను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

మా అమ్మ సున్నంతో బతికిన మనిషి. డంగు సున్నం గంపలు మోసీ మోసీ ఆమె అరచేతులు ఎప్పటికీ మానని పగుళ్ళయ్యాయి. తమలపాకుల కోసం పొయ్యి పక్కన ముంతలో సున్నం నానుతూనే ఉండేది. ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు కలిపి, చిటికెడు సున్నం వేసేది. నీళ్ళు ఎర్రబడేవి. వాటితో దిష్టి తీసి బయట పారబోసేది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుందని మా ఇంట్లో పాకే పిల్లకు కూడా తెలుసు. అమ్మ ఆ సీసాలోంచి కాస్త పళ్ళెంలో వంపి పసుపు వేసింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. పచ్చగానే ఉండిపోయింది.

"ఇండ్ల సున్నమే లేదు బిడ్డా," అంది అమ్మ.

నిజం చెప్పాలంటే నాకు కోపం కన్నా సంతోషమే ఎక్కువ కలిగింది. నేను అనుకున్నదే అయింది కదా అని. అన్నను నిలదీయాల్సింది. కానీ ఆయన్ను తెచ్చింది నేను, గొడవైతే మాట నాకూ వస్తుంది. అందుకని నోరు మూసుకుని, సీసాలోది ఒక పాత పన్నీరు బుడ్డిలోకి ఒంపేశాను. ముంతలో పైన తేరిన సున్నపు తేటను అమ్మ గుడ్డలో వడగట్టి ఇస్తే సీసా నింపాను. పొద్దున్నే క్లినిక్ తెరిచి తొట్టిలో పోశాను. మూతతో కాదు. ఇది అసలైన సున్నం కదా, ఎంత పడితే అంత మంచిదని సగం సీసా ఒక్కసారే పోశాను.

నీళ్ళు పాలు విరిగినట్టు తెల్లబడ్డాయి. చేపలు మూలకు పోయి నోళ్ళు తెరిచి ఎగపోశాయి. మధ్యాహ్నానికి రెండూ పైకి తేలాయి.

ఎంత పోశావని డాక్టరమ్మ అడిగింది. ఒక్క మూత అన్నాను. సరేనంది. అన్నను పిలిపించి, గొంతు పెంచకుండానే సీసాలో ఏం కలిపావని అడిగింది. ఆయన సీసాలోది వేలికి రాసుకుని, సున్నపు జారుడు ఉందేమోనన్నట్టు రుద్ది చూశాడు. ఒకసారి నా వైపు చూశాడు. ఖాళీ డబ్బాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె చేతులు కడుక్కుంటూ, కామాఠిపురా వాళ్ళతో పెట్టుకుంటే ఇంతే, వేరే మనిషిని చూడు అని నాతో అంది. నేను ఎక్కడ ఉంటానో ఆమెకు ఆ క్షణాన గుర్తే లేదు. నేను తేలిన చేపలను గిన్నెలోకి తీశాను.

ఆ సాయంత్రం నల్లా దగ్గర అన్న బకెట్టుతో నిలబడి ఉన్నాడు.

"పసుపు ఏసి చూసినవా చెల్లె?" అన్నాడు మెల్లగా. "నేను గూడ ఏసి చూసిన. ఎర్రవడలేదు. తెచ్చినాయననే అడిగిన. అది వేరే తీరు సున్నమట, ఘాటుండదట, పసుపు దాన్ని పట్టదట. నన్ను ఒక్క మాట అడగకపోతివి."

"నాకేం తెల్వదన్నా," అన్నాను.

ఆయన తలూపి, నిండిన బకెట్టు ఎత్తుకుని వెళ్ళాడు. డాక్టరమ్మకు ఏనాడూ చెప్పలేదు. ఉప్పునీళ్ళ బేరం మానేసి, గాజు సీసాల్లో పెంచే చిన్నచేపలే అమ్ముకున్నాడు. పెద్దిళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు.

కొత్త మనిషి వారం వారం నీళ్ళు మార్చాడు, అంతే. కాల్షియం ఎవరూ వేయలేదు. నాలుగైదు నెలలకు తెల్లమచ్చల అంచుల నుంచి గులాబీ పాకుతూ వచ్చి రాళ్ళను మళ్ళీ కప్పేసింది. డాక్టరమ్మ మురిసిపోయి, ఆ దొంగను వదిలించుకున్నాకే తొట్టి బాగుపడిందని వచ్చినవాళ్ళకల్లా చెప్పేది. బీరువా తాళాలు నా కొంగునే ఉండేవి. ఆమె ఒక్కసారి నన్ను అనుమానించి గట్టిగా అడిగి ఉంటే అంతా చెప్పేసేదాన్ని అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆ మాటను కూడా నేను నమ్మను.