అన్నానికి బదులు

ఫలక్‌నుమా స్టేషన్ వెనక గల్లీలో కాశమ్మ రోజూ పొద్దున్నే ప్రార్థన చేసుకుని, వంట కాగానే తాను ముద్ద ముట్టకముందే ఒక గిన్నె గోడ మీదుగా పక్కింటి మున్నీకి అందించేది. మున్నీ ఇంట్లోనే గాజులకు రాళ్లు అతికించే పిల్ల. పనిలో పడితే ఆకలి కూడా గుర్తుండదు. ఆ గల్లీలో ఎవరి గిన్నే ఖాళీగా తిరిగిపోదు. పోయిందంటే ఆ రెండిళ్ల మధ్య ఏదో లొల్లి అయినట్టే.

కాశమ్మ కంట్లో శుక్లం ముదిరింది. బైబిల్లో అక్షరాలు చీమల బారుల్లా కదులుతున్నాయి. షుగర్ దిగితేనే ఆపరేషన్ అన్నారు ఆసుపత్రిలో. తిండి సంగతి చెప్పే మేడం ఒక కాగితం ఇచ్చింది. చిన్న కప్పు అన్నానికి బదులు ఒక జొన్నరొట్టె, లేదంటే అంతే సేమ్యా. ఒకటి తింటే రెండోది మానాలి. మనవరాలు సోనీ చదివి వినిపిస్తే, కాశమ్మ దాన్ని బైబిల్ వాక్యమంత శ్రద్ధగా మనసులో పెట్టుకుంది.

ఆమె రొట్టె నమలడం చూసి మున్నీ ప్రాణం ఉసూరుమంది.

"అరె పెద్దమ్మా, గీ ఎండురొట్టె ఏంది నీకు!"

ఆ రోజు నుంచి కాశమ్మ గిన్నెలో పాలు, చక్కెర, జీడిపప్పు వేసిన సేమ్యా తిరిగి రాసాగింది. ప్రేమతో ఇచ్చింది కాదనడం పాపం. అయినా కాశమ్మ నియమం తప్పలేదు. సేమ్యా తిన్న పూట రొట్టె ముట్టలేదు.

రెండు నెలలకు షుగర్ ఇంకా పెరిగింది. ఆపరేషన్ మళ్లీ వాయిదా పడింది.

"ఏం తింటున్నరమ్మా?" అడిగింది మేడం.

"మీరు రాసిందే మేడం. రొట్టెకు బదులు సేమ్యా."

"ఎట్ల వండుతున్నరు?"

"పాలల్ల. చక్కెర జర ఎక్కువే ఏస్తది మున్నీ. మంచి పిల్ల."

మేడం పెన్ను కింద పెట్టింది. "నేను రాసిన సేమ్యా అంటే ఉప్మా అమ్మా. పాయసం గాదు."

"గింత నిష్ఠగ షుగర్ పెంచుకున్నోళ్లను నేనైతే చూడలే," అన్నాడు వెంట వచ్చిన భర్త సీమోను.

సాయంత్రం కాశమ్మ మున్నీ గడపలో కూర్చుంది.

"బిడ్డా, ఒక్క ఉపకారం చెయ్యి. రేపటి సంది నా గిన్నె ఖాళీగ పంపు."

మున్నీ చేతిలో గాజు ఆగిపోయింది. "నా మీద కోపమా పెద్దమ్మా?"

"కోపం గాదురా. నా కన్ను బాగైతే చాలు. గల్లీల ఎవరన్న అడిగితే, ఆపరేషన్ అయ్యేదాంక మనిద్దరికి లొల్లయిందనే చెప్పు."