నూనె పెట్టని పనిముట్టు

ఇప్పుడు ఏ హార్డ్‌వేర్ అంగడికి వెళ్ళినా బ్యాటరీ డ్రిల్లులు రెండు ముందు పెట్టి, "బ్రష్ ఉండేది కావాలా, లేనిది కావాలా?" అని అడుగుతున్నారు. ఆ మాట వింటేనే నాకు నాయన గుర్తుకొస్తాడు. తొంభైల్లో ఆత్మకూరులో ఒక అంగడాయన ఇదే ప్రశ్న వేరే మాటల్లో అడిగాడు. నేను చెప్పిన జవాబు తప్పో ఒప్పో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

మాది ఉదయగిరి. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది కర్రతో స్పూన్లు, ఫోర్కులు చెక్కడం నాయన పని. ఆయన దగ్గర నేర్చుకున్నాక నా పని కూడా అదే. ఫోర్కు చేయాలంటే ముందు పళ్ళ మొదట్లో సన్నని బెజ్జాలు వేసి, అక్కడిదాకా రంపంతో కోయాలి. బెజ్జం లేకుండా కోస్తే కర్ర నిలువునా చీలిపోతుంది. నాయన వాటిని బర్మాతో వేసేవాడు. కదురులాంటి కడ్డీకి తాడు చుట్టి, ఆ తాడు కట్టిన విల్లును ముందుకూ వెనక్కూ లాగుతుంటే కడ్డీ కొన తిరిగి కర్రలోకి దిగుతుంది. చాప మీద కూర్చుని, కర్రను రెండు పాదాల మధ్య బిగించి పట్టుకుని, నడుం వంచి పొద్దస్తమానం ఆ లాగుడే. అన్నేళ్ళు లాగితే భుజం ఉంటుందా? కుడిచెయ్యి తలపైకి లేవడం మానేసింది. చొక్కా నేనే తొడిగేదాన్ని. ఆస్పత్రిలో చూపిస్తే లాగుడు పని మానేయమన్నారు. మానేసి ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాయన, "పని లేకపోతే నేనెవరినమ్మా?" అన్నాడు. అందుకే ఆ వారమే డ్రిల్లు మిషన్ కొందామని ఆత్మకూరు వెళ్ళాను.

అంగడాయన రెండు చూపించాడు. ఒకటి బల్లకు బిగించేది. పిడి కిందికి నొక్కితే దిగుతుంది.

"దీని మోటార్లో బొగ్గులు ఉండవమ్మా. రాసుకునేదీ అరిగేదీ లేదు. నీ తర్వాత నీ పిల్లకాయలు గూడా వాడుకోవచ్చు" అన్నాడు. రెండోది చేత్తో పట్టుకునేది. "ఇది చవక. కానీ లోపల బ్రష్‌లని రెండు బొగ్గు ముక్కలు తిరిగేదానికి రాసుకుంటా ఉంటాయి. అరిగినప్పుడల్లా మార్చుకోవాల. ఆలోచించుకో."

నేను పెద్దగా ఆలోచించలేదు. బల్ల మిషన్ ముందు నిలబడాలి. నాయన తన జన్మలో నిలబడి చెక్కింది లేదు. కాళ్ళతో పట్టుకోకపోతే కర్ర మాట వినదనేవాడు. అందుకే బొగ్గులదే తీసుకున్నాను. చవక అన్న మాట కూడా చెవిన పడింది, అబద్ధమెందుకు?

మొదటి రోజు నాయన చాప మీద కూర్చుని, కర్రను పాదాల మధ్య పెట్టుకుని స్విచ్చి నొక్కాడు. బెజ్జం పడిపోయింది. నా వంక చూసి, "ఇంతేనా?" అని పగలబడి నవ్వాడు. మిషన్ పక్కన గాలికోసం పెట్టిన సందుల్లో నీలంగా సన్నటి నిప్పు మెరిసేది. దాన్ని కూడా ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించాడు. మధ్యాహ్నానికి మూడు రోజుల పని అయిపోయింది.

కొన్ని వారాలకు మాడు వాసన మొదలైంది. నిప్పులు పెద్దవయ్యాయి. చివరికి ఆగిపోయింది. గుడ్డసంచిలో వేసుకుని ఆత్మకూరు తీసుకుపోయి బొగ్గులు మార్పించాను. మళ్ళీ ఆగింది. మళ్ళీ పోయాను. మూడోసారి అక్కడి మెకానిక్ మిషన్ విప్పి, వేలితో లోపల తుడిచి, నల్లటి జిగురు నా ముఖం ముందు పెట్టాడు.

"ఏందమ్మా ఇది? దీంట్లో ఆముదం పోస్తా ఉండారా?"

అవునని తలూపాను.

"బొగ్గు పొడిగా రాసుకోవాల. నూనె పడితే అరిగిన బొగ్గుపొడంతా జిగురై కాలిపోతాది. అదే బొగ్గుల్లేని మిషనైతే ఇంత తంటా ఉండదు" అంటూ కొత్త బొగ్గులు వేసిచ్చాడు.

మా ఇంట్లో పొద్దున్నే నూనె పెట్టకుండా పనిముట్టు ముట్టుకోరు. నాయన కొబ్బరిచిప్పలో ఆముదం పోసుకుని, గుడ్డపేలిక ముంచి ఉలికీ, బాడిసెకూ, రంపానికీ వరసగా రాసేవాడు. మిషన్ వచ్చాక దాని పక్క సందుల్లో కూడా రెండు చుక్కలు వేయడం మొదలుపెట్టాడు. అది నేను చూశాను. రోజూ చూశాను. కొత్తదాన్ని కూడా మన సామానులో కలుపుకున్నాడని ముచ్చటపడ్డాను కూడా.

ఆ రోజు బస్సులో సగం దారి నిలబడే వచ్చాను. ఎండ, దుమ్ము, చేతిలో సంచి బరువు. ఇంటికి వచ్చేసరికి నాయన చాప మీద కూర్చుని, చిప్ప పక్కన పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"తెచ్చినావా? ఇట్టా ఇయ్యి, రెండు చుక్కలేసి పెడతా."

"నీ నూనే దాన్ని చంపింది నాయనా! మూడుసార్లు చంపినావు. తెలీని వస్తువు జోలికి ఎందుకు పోతావు?"

నాయన ఒకసారి చిప్ప వంక, ఒకసారి మిషన్ వంక చూశాడు. "అట్నా" అని, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున బర్మా బయటికి తీశాడు. బతిమాలాను, అరిచాను, మిషన్ తీసుకుపోయి ఒళ్ళో పెట్టాను. "తెలీని దాని జోలికి నాకెందుకులేమ్మా" అని తీసి పక్కన పెట్టాడు. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే నేనూ ఒక మాట అని తేలికపడేదాన్ని. నేను చెప్పింది నిజమని నమ్మాడు, అంతే. వానలు మొదలయ్యేనాటికి భుజం పూర్తిగా పట్టేసింది. అప్పటి నుంచి ఆ మిషన్‌తో బెజ్జాలు వేసే పని నాదే.

"నేనూ చూసినాను నాయనా, నాకూ తెలీలేదు" అని ఆయనతో ఒక్కసారి అంటే సరిపోయేది. రేపు చెబుదాంలే అనుకున్నాను. పనితో అలిసిపోయి మరో రేపటికి వాయిదా వేశాను. అలా ఎన్నటికీ చెప్పలేదు. దానికి సిగ్గుపడుతూనే ఉన్నాను.

చెక్కడం మానుకున్నా, పొద్దున్నే పనిముట్లకు నూనె పెట్టడం నాయన మానలేదు. ఎడమచేత్తో నింపాదిగా ఒక్కొక్కటే రాసేవాడు. మిషన్ వంతు వచ్చేసరికి చిప్పను దూరంగా జరిపి, చెయ్యి పంచెకు ఒకటికి నాలుగుసార్లు తుడుచుకుని, పొడిగుడ్డతో దాన్ని తుడిచేవాడు. సందుల్లో దుమ్మును నోటితో ఊది నా చాప పక్కన పెట్టేవాడు. పెట్టి, నూనె లేదని నేను చూసుకోవడానికి, ఆ అరచెయ్యి నా ముందు చాపి చూపించేవాడు.