మేక నెత్తుట్లో సున్నం

ఆ కాలంలో చదువు ముగించి కొత్తగా కొలువులో చేరినవాడికి, లోకమంతా తన వైద్యం కోసమే జబ్బుపడి ఎదురుచూస్తోందని ఓ నమ్మకం ఉండేది. మద్రాసులో పశువైద్యం చదివి మార్కాపురం వచ్చిన నాకు అది మరీ ఎక్కువ. అలాంటి నన్ను పిలిచి మా పైఅధికారి, జబ్బు మేకలు కాదు, నిక్షేపంగా ఉన్న పొట్టిజాతి మేకల నెత్తురు కావాలన్నాడు. అందులో సున్నం (కాల్షియం అన్నమాట), భాస్వరం మామూలుగా ఎంతుంటాయో తెలిస్తేగాని, జబ్బు చేసినప్పుడు తగ్గాయో పెరిగాయో చెప్పలేమట. (మాట సబబే. ఆ సబబు మేకలవాళ్లకు చెప్పాల్సింది నేను.) వట్టి చేతులతో వస్తే ఉద్యోగం ఖాయం కాదని కూడా అన్నాడు.

తర్లుపాడు దగ్గరి పల్లెలో, ప్రార్థన ముగించుకుని చర్చి నుంచి వస్తున్న ఒక పెద్దమ్మను ఆపాను. అక్కడ ఎక్కువ మేకలు ఆవిడవే. ఆవిడ సరేనంటే పల్లెంతా సరేనన్నట్టే.

"జబ్బు లేనిదానికి సూదేంది నాయనా?"

"నెత్తుట్లో సున్నం ఎంతుందో చూడాలి పెద్దమ్మా."

అంతే. నేను సూదులు ఉడకబెట్టేలోపు, దొర బంగళాకు వెల్ల వేయడానికి మేకల నెత్తుట్లోంచి సున్నం తోడుతున్నారని పల్లెంతా పాకిపోయింది. మేకలన్నిటినీ కొండమీదికి తోలేశారు. పెద్దమ్మ మాత్రం జాలిపడి, ముంతెడు సున్నం తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది తీసకపో. మేకదేనని చెప్పు మీ దొరకు."

ఉద్యోగం చేజారిపోతుంటే బతిమాలాను. నొప్పే ఉండదన్నాను.

"అట్లయితే ముందు నీ నెత్తురు తీసుకో. నువ్వు నిలబడితే మేకల్ని దింపిస్తా."

పౌరుషం వచ్చి చొక్కా చేయి మడిచి పొడుచుకున్నాను. సీసాలోకి నెత్తురు దిగడం చూశాను. ఆ తర్వాత ఆకాశం చూశాను. తెలివొచ్చేసరికి తల పెద్దమ్మ ఒళ్లో, నోట్లో మేకపాలు. "తోలకరాండ్రా మేకల్ని! మళ్లా పొడుచుకుంటే ఈ బిడ్డ సచ్చిపోతాడు!" అని అరుస్తోందావిడ.

పొద్దు వాలేలోపు సీసాలన్నీ నిండాయి. ఆ హడావిడిలో నా సీసా కూడా వాటితోపాటే పరీక్షకు మద్రాసు రైలెక్కింది. కొన్నాళ్లకు జవాబొచ్చింది. మేకలన్నీ బాగున్నాయి, ఒకదానిలో మాత్రం భాస్వరం కాస్త తక్కువ, దానికి తవుడు పెట్టించండి అని. సీసా నంబరు చూస్తే అది నేనే.

ఉద్యోగం ఖాయమైంది. ఆ సంగతీ, తవుడు సంగతీ చెబితే పెద్దమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. మళ్లీ సంతనాడు మార్కాపురంలో మా గుమ్మం ముందు గంప దించింది.

"తవుడు తెచ్చినా నాయనా. నువ్వే తింటావా, కలిపి పెట్టాల్నా?"

(మా ఇంటిగలావిడ గుర్రుగా చూస్తున్నా) ఆవిడను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. తవుడు పక్కింటి గేదె తింది. గుమ్మంలో సిగ్గుతో మెలికలు తిరుగుతూ నిలబడ్డ ఆ కుర్ర డాక్టరును తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా. వాడి ఒంట్లో ఏదో తక్కువైందని విని, ఒక మనిషి నెత్తిన గంప పెట్టుకుని అంత దూరం నడిచొచ్చింది మరి.