బంతి విసిరే చేతికి బలం చాలదనుకున్నాను

ఆ ఆదివారం ఉదయం జడ వేసుకుంటూ మా హాసిని సగంలో ఆగిపోయింది. కుడి మోచేయి లోపలివైపు కలుక్కుమందట. దానికి పన్నెండేళ్ళు. స్కూల్ బేస్‌బాల్ టీమ్‌లో పిచర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేది తనే.

కోచ్‌కి ఫోన్ చేశాను. "జర నొప్పి ఉంటది మేడమ్, ఫికర్ చేయకుర్రి. చేతికి తాకత్ రావాలె" అన్నారు. నొప్పి అంటే బలం చాలకపోవడమే అని నాకు అర్థమైంది. స్టేట్ సెలెక్షన్స్‌కి నెల కూడా లేదు. ఆ సర్టిఫికెట్ ఉంటే రేపు స్పోర్ట్స్ కోటా పనికొస్తుందని నా ఆశ.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఆఫీసులో చేసినట్టే ఎక్సెల్ షీట్ చేశాను. డంబెల్స్, పుషప్స్, పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ గోడకు రోజూ యాభై బంతులు. స్కూల్ ప్రాక్టీసు దీనికి అదనం. ఈ సంగతి కోచ్‌కి చెప్పలేదు. రెండ్రోజులు ఆపుదామని మా ఆయన అంటే, మీకు తెలియదు ఊరుకోండన్నాను.

సెలెక్షన్ రోజు కారులో నేనే మోచేతికి స్ప్రే కొట్టాను. "సార్ అడిగితే నొప్పి లేదని చెప్పు. ఉందంటే పక్కన కూర్చోబెడతారు" అన్నాను.

మూడో ఇన్నింగ్స్‌లో బంతి విసిరి, చేయి పట్టుకుని కూలబడింది.

ఎక్స్‌రే, తర్వాత ఎంఆర్ఐ. "గ్రోత్ ప్లేట్ దగ్గర, అంటే ఎముక పెరిగే చోట, చిన్న ముక్క విడివడిందమ్మా. పిల్లలు బరువులు ఎత్తడం తప్పు కాదు. ఇన్ని బంతులు, అదీ నొప్పితో, ఎవరు వేయించారు?" అని డాక్టర్ అడిగారు. నేనేనని చెప్పకుండా, కట్టు ఎన్నాళ్ళుంచాలని అడిగాను.

నాలుగు వారాల కట్టు విప్పాక చేయి చాపడానికి రాలేదు. ఫిజియోథెరపీకి వెళ్ళాం. మూడో వారానికి మళ్ళీ వాచింది. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. నొప్పి ఉందా అని అడిగిన ప్రతిసారీ హాసిని లేదనేది.

ఒకరోజు ఫిజియో అమ్మాయి చేతులు ఆపి, "మేడమ్, మీరు జర బయట కూర్చోండి. పాప ముందు మీ మొహం చూసి, తర్వాత చెప్తుంది" అంది.

సగం తెరిచిన తలుపులోంచి వినపడింది.

"ఉంది అక్కా. మొదటి రోజు నుంచీ ఉంది. అమ్మకి చెప్పకండి."

మెట్ల దగ్గరికి వెళ్ళి ఏడ్చాను.

ఇప్పటికి అయిదు నెలలు. మోచేయి ఇంకా పూర్తిగా చాపలేదు. చాపగలదా అంటే, చూద్దామమ్మా అంటారు డాక్టర్. వచ్చే వారం ఇంకో స్కాన్. ఎక్సెల్ షీట్ తీసేశాను గానీ, ఇంట్లో నేనడిగితే అది ఇప్పటికీ "ఏం లేదమ్మా" అనే అంటుంది. ఆ మాట వింటే భయమేస్తుంది.

మీ పిల్లలు ఏ ఆట ఆడినా సరే, నొప్పి గురించి డాక్టర్ అడిగేటప్పుడు మీరు లేచి బయటికి వెళ్ళండి.