ఏ ఓబులేసు?

ఫ్లెక్సీ యంత్రం తిరిగినంతసేపూ దుకాణంలో ఘాటైన సిరా వాసన. ఎన్నేళ్లయినా నాకది అలవాటు కాలేదు. ఈ పొద్దున ఆ వాసనకు తలనొప్పి మొదలవుతుండగానే ఒకాయన వచ్చాడు.

"ఓబులేసు సారుకు సన్మానం జేస్తాండామక్కా. సాయంత్రానికి ఫ్లెక్సీ కావాల."

"ఏ ఓబులేసు?"

"ఏ ఓబులేసేందక్కా, అందరికీ తెలిసిన ఓబులేసే!"

చిర్రెత్తుకొచ్చింది. అందరికీ తెలిసిన ఓబులేసులు ఈ జిల్లాలో ఎంతమంది ఉన్నారో ఈయనకేం తెలుసు? ఫొటో పంపమన్నాను, వాళ్లింటివాళ్లు చూసి సరేనంటే తప్ప అచ్చు వేయనన్నాను. "ఇంత సతాయిస్తే నీకు యాపారమెట్ల జరుగుతాదక్కా" అని సణుగుతూ వెళ్లాడు. ఆయన్ని తప్పుపట్టను. ఈ జబ్బు నాది కాదు, దేవదానం సారు నాకు అంటించి పోయింది.

ప్రొద్దుటూరులో సారు దుకాణంలో డిజైనరుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. సారుది జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన కుటుంబం. గోడల మీద పేర్లు రాసి బతికిన పెయింటరు, ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోగొట్టాక కంప్యూటర్ కొన్నాడు. కొన్నాడు గానీ దాని ముందు ఏనాడూ కూర్చోలేదు. రోజంతా నా కుర్చీ వెనక నిలబడి, నా భుజం మీదుగా తెర మీద వేలు పెట్టి, ఆ అక్షరం జరుపు, ఈ పూలదండ తీసెయ్ అంటూ ప్రాణం తోడేసేవాడు.

అన్నిటికంటే పెద్ద నస పేర్లతో. మా వైపు ఇంటిదేవుడి పేరు ఎవరో ఒక కొడుకుకి పెట్టకుండా ఉండరు. అహోబిలం స్వామిని మొక్కే ప్రతి ఇంట్లో ఒక ఓబులేసు ఉంటాడు. ప్రొద్దుటూరులో ఎముకల డాక్టరు, పులివెందులలో కబడ్డీ నేర్పే సారు, జమ్మలమడుగులో నాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన. ముగ్గురూ ఎవరి విద్యలో వాళ్లు గొప్పవాళ్లే, ముగ్గురూ ఓబులేసులే. వాళ్ల ఫొటోలను ఎముకలు, కబడ్డీ, హార్మోనియం అని దాచమన్నాడు సారు. నాకు నవ్వొచ్చి ఒకటి, రెండు, మూడు అని దాచాను.

పైగా ప్రతి నమూనా కాగితం వాళ్లింటికి తీసుకెళ్లి చూపించాలి. ఒకసారి కబడ్డీ సారు కోసం మండుటెండలో పులివెందుల పంపాడు. ఆయన భార్య కాగితం ఇట్లా చూసి "బాగుండాది" అని మజ్జిగిచ్చింది. అంతే. ఆ ఒక్క మాట కోసం పూటంతా పోయింది.

"వాట్సాప్‌లో పంపితే సరిపోదా సార్?" తిరిగొచ్చి కోపంగా అడిగాను.

"వాట్సాప్‌లో ఎవురైనా బాగుండాదనే అంటారు పాపా. ఆ మనిషితో కూచోని అన్నం తిన్నోళ్ల చేతికియ్యాల."

హార్మోనియం ఓబులేసు పోయినరోజు సారు ముద్దనూరులో పెళ్లికెళ్లాడు. జమ్మలమడుగు బస్టాండులో పదింటికల్లా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టాలని ఆయన ఇంటి పక్కవాళ్లు ఫోన్ చేశారు. నేను జమ్మలమడుగు వెళ్లలేదు. మూడో నంబరుకు బదులు ఒకటో నంబరు తెరిచాను. ముగ్గురికీ మీసాలు, ముగ్గురికీ కళ్లద్దాలు. అచ్చువేసి ఆటోలో పంపేశాను. కూలివాళ్లు కట్టి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి ఎముకల డాక్టరు ఆస్పత్రికి జనం దండలు తీసుకొచ్చారు. "నేను బతికే ఉండానమ్మా, రోగుల్ని చూస్తాండా" అని ఆయన ఫోన్‌లో నవ్వాడు. ఊరంతా నవ్వింది. జమ్మలమడుగులో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఓబులేసు పోయాడని విని పల్లెల నుంచి వచ్చిన కళాకారులు బస్టాండులో దిగి, ఫ్లెక్సీలో డాక్టరు మొహం చూసి, మనోడు కాదులే అని ఊపిరి పీల్చుకుని తిరుగు బస్సెక్కేశారు. నిజం తెలిసేసరికి అంతా అయిపోయింది.

మర్నాడు సారు నన్ను స్కూటర్ మీద హార్మోనియం ఓబులేసు ఇంటికి తీసుకెళ్లాడు. గుమ్మం ముందు నిలబెట్టి "చెప్పు" అన్నాడు. చెప్పాను. ఆయన భార్య నన్ను తిట్టలేదు.

"నలభై ఏండ్లు ఆయన వాయిస్తే పాడినోళ్లు, ఒక్కరన్నా భుజం పట్టేదానికి రాలేదమ్మా. ఇంటి పక్కోళ్లు మోసినారు" అన్నది.

తిరిగొస్తూ దారంతా ఏడ్చాను. "ఏడ్సింది సాల్లే. రేపట్నించి బస్సెక్కు" అన్నాడు సారు. ఎక్కాను. పదేళ్లు ఎక్కాను, ఎక్కినప్పుడల్లా ఆయన్ని తిట్టుకున్నాను.

పోయిన ఏడాది సారు పోయాడు. వాళ్లబ్బాయి వాట్సాప్‌లో ఫొటో పంపాడు, సారు ఫోన్‌లో తనకు తాను తీసుకున్నది. ఫ్లెక్సీ తయారుచేశాను గానీ అచ్చు వేయడానికి చెయ్యి రాలేదు. కాగితం తీసుకుని వాళ్లింటికే వెళ్లాను.

సారు భార్యకు ఏడుపులోనూ ఒళ్లు మండింది. "ఇన్నేండ్లు ఆయనకాడ పన్జేసినావు, ఆయన మొగం నీకు తెలీదా? ఈ పొద్దు గూడా ఇదే పిచ్చా?" అంటూనే కాగితం లాక్కుని, కళ్లద్దాలు తుడుచుకుని చూసింది.

"పుట్టుమచ్చ ఈ పక్క గాదు" అన్నది కాగితం మీద వేలు పెట్టి. తన కుడిచెంప తాకి, "ఈ పక్క" అని చూపించింది.

సెల్ఫీ కదా, అద్దంలోలా ఫోనే ఎడమను కుడిగా తిప్పేసింది. రోజూ తిట్లు తిన్నదాన్ని, ఆయన మచ్చ ఏ చెంప మీదుందో నాకు తెలియలేదు. ఎప్పుడూ నా వెనకే నిలబడితే ఎట్లా తెలుస్తుంది?

ఇవన్నీ తలుచుకుంటుండగానే పొద్దుటాయన ఫోన్ చేశాడు. సన్మానం పులివెందుల కబడ్డీ సారుకట. బస్సు పదకొండింటికి. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. దేవదానం సారును నోరారా తిట్టుకుంటూ నమూనా కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.